అర్థం మాత్రమే చెప్పాను

"కోడలా, స్టేకింగ్ అంటే ఏంది?"

2023 ఎండాకాలంలో మా చిన్న మామ గోదావరిఖని నుంచి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ముప్పై రెండేళ్లు బాయి దిగి, అంతకు ముందటేడే రిటైరైన మనిషి. (బాయి అంటే ఇక్కడ నీళ్ల బావి కాదు, బొగ్గు గని. మా దిక్కు అందరూ దాన్ని బాయి అనే అంటారు.) నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంటేషన్ రాస్తాను. ఇంజనీర్లు తయారుచేసిన దాన్ని వాడుకునేవాళ్లకి అర్థమయ్యే మాటల్లో పెట్టడం నా పని. మా ఇంట్లోవాళ్లకి ఈ ఉద్యోగం ఏమిటో ఎప్పుడూ అంతుపట్టలేదు. ఇంగ్లీషు కాగితం వస్తే చదివి చెప్పే పిల్లని అనుకుంటారు. ఆలోచిస్తే అంతకంటే సరిగ్గా నేను కూడా చెప్పలేను.

కాబట్టి చెప్పాను. కొన్ని కాయిన్లకి ఒక ఉమ్మడి లెక్క పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం ఒక్కరి దగ్గర ఉండదు, వేల కంప్యూటర్లలో అదే నకలు ఉంటుంది. కొత్త లెక్క ఎక్కించేటప్పుడు సరిచూసేవాళ్లు తమ కాయిన్లు కొన్ని జమానతుగా కట్టేసి పెడతారు. దొంగ లెక్క రాస్తే అందులోంచి కోత పడుతుంది, సరిగ్గా రాస్తే కొంత ప్రతిఫలం దక్కుతుంది. ఆ కట్టేసి పెట్టడమే స్టేకింగ్. ఎథీరియం 2022 సెప్టెంబర్‌లో ఈ పద్ధతికి మారింది. ఇంత చక్కగా, ఒక్క తప్పు లేకుండా, ఒక బొగ్గుగని కార్మికుడికి నేను స్టేకింగ్ చెప్పగలిగానని ఆ పూట నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

"అంటే మిత్తి వస్తదన్నట్టు."

"మిత్తి లాంటిదే మామా."

"నూటికి ఎంత?"

మా దిక్కు మిత్తి నెల లెక్క. నూటికి రెండు రూపాయలంటే నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఎథీరియంలో అయితే ఏడాది మొత్తానికి నూటికి నాలుగైదు దాటదని చెప్పాను. మామ కాసేపు మాట్లాడలేదు.

"గంతేనా? మా సారు రోజుకు ఒకటి అంటున్నడు గదా."

ఈ వ్యాసం ఈ ఒక్క క్షణం గురించే. అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో రేటు ఉంటది మామా." ఆ వెంటనే మీటింగుకి టైమైంది, ఫోన్ పెట్టేశాను.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఎవరైనా పరీక్ష పెడితే దానికి మార్కులు పడతాయి. రోజుకు ఒకటి అంటే ఏమిటో ఫోన్‌లోని కాలిక్యులేటర్ పది సెకన్లలో చెప్పేది: వచ్చింది వచ్చినట్టు మళ్లీ అందులోనే పెడుతూ పోతే రూపాయి ఏడాది తిరిగేసరికి దాదాపు ముప్పై ఎనిమిది రూపాయలవుతుంది. ఆరు లక్షలు రెండు కోట్ల ఇరవై ఆరు లక్షలు దాటాలి. భూమ్మీద అలాంటి మిత్తి ఇచ్చే సావుకారి ఎవరూ లేరు. ఆ లెక్క నేను వేశాను, పదకొండు నెలల తర్వాత. ఆ యాప్‌లో "విత్‌డ్రా" బొటన్ పనిచేయడం మానేశాక.

ఆ కాయిన్ పేరు ఇక్కడ రాయను. మామని చేర్పించిన సారు ఇరవై ఏళ్ల పరిచయం, బడి పంతులు, పెళ్లిళ్లకి పేరంటాలకి వచ్చే మనిషి. మామ పెట్టింది ఆరు లక్షలు. మామ మాట మీద చేరింది ముగ్గురు, అందరూ ఒకే బాయిలో ఒకే షిఫ్టులో దిగినవాళ్లు.

ఇలాంటివి ఉత్తర తెలంగాణలో ఎన్ని నడిచాయో ఆ దిక్కు పేపర్లు చదివేవాళ్లకి తెలుసు. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరుతో బయటపడ్డ కేసులో అరెస్టయినవాళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులున్నారు. హైదరాబాద్ కాఫీ షాపుల్లో ఈ వార్త వచ్చినప్పుడు మనవాళ్లు నవ్వే నవ్వొకటి ఉంటుంది. "టీచర్లు కూడానా?" అని. నాకు ఆ "కూడా" దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఊళ్లో పదిమంది పిల్లలకి లెక్కలు చెప్పినవాడు, ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి పెట్టేవాడు సారే. అలాంటివాడి నోటి నుంచి వచ్చేదాకా ఎవరూ పైసలు తీయరు. టీచర్లు "కూడా" చేరితే తప్ప అది ముందుకు నడవదు.

న్యాయ దర్శనంలో జ్ఞానానికి నాలుగు దారులు చెబుతారు: కళ్లారా చూడటం, ఊహించి తేల్చుకోవడం, పోల్చి తెలుసుకోవడం, నాలుగోది మాట. ఎవరి మాట పడితే వారిది కాదు, ఆప్తుడి మాట. ఎవరు ఆప్తుడు? సూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు రెండు షరతులు పెట్టాడు. చెప్పేవాడికి ఆ విషయం స్వయంగా ఎరుకై ఉండాలి. తనకి ఎరుకైనట్టుగానే ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉండాలి. ఇవి రెండూ ఉంటే వాడు ఋషి అయినా, మ్లేచ్ఛుడైనా ఆప్తుడే అంటాడు. నాకు బాగా నచ్చిన సంగతి ఇది. కులం, చుట్టరికం, హోదా ఏవీ లెక్కలోకి రావు.

మరి తెలుగులో ఆప్తుడంటే? దగ్గరివాడు. ఆపదలో వచ్చేవాడు. పెళ్లి శుభలేఖలో "బంధుమిత్రులు, ఆప్తులు" అని వేస్తాం. నమ్మదగ్గవాడు అన్న మాట మన భాషలోకి వచ్చి దగ్గరివాడుగా మారింది. నిఘంటువులో ఇది చిన్న మార్పు. గోదావరిఖనిలో దాని ఖరీదు ఆరు లక్షలు.

ఈ షరతులు పట్టుకుని మా కథలో ఎవరు ఎక్కడున్నారో చూస్తే నాకు నిద్ర పట్టదు. సారుకి చెప్పాలన్న కోరిక నిండా ఉంది, కమీషన్ ఆశ అందులో ఎంత పాలో గానీ. తన పైసలు కూడా అందులోనే పోయాయి. అతనికి ఎరుక లేదు. మామకీ అంతే. ఇక నేను.

ఇక్కడ ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పని సంగతి చెప్పాలి. 2022 మే నెలలో నేను నలభై వేలు పోగొట్టుకున్నాను. టెరా అని ఒక వ్యవస్థ ఉండేది గుర్తుందా? అందులో యూఎస్‌టీ అనేది "స్టేబుల్ కాయిన్". దాని విలువ ఎప్పుడూ ఒక డాలరు దగ్గర స్థిరంగా ఉంటుందని పేరులోనే హామీ. దాన్ని యాంకర్ అనే చోట దాస్తే ఏడాదికి దాదాపు ఇరవై శాతం. యాంకర్ అంటే లంగరు. ఒక పేరు స్థిరం, ఇంకో పేరు లంగరు! ఆఫీసులో నలుగురం కలిసి పెట్టాం. నేను వాళ్ల డాక్యుమెంట్లు చదివాను, వృత్తి అభిమానంతో బాగా రాశారని మెచ్చుకున్నాను కూడా. యూఎస్‌టీ డాలరు విలువని నిలబెట్టేది వెనక దాచిన డాలర్లు కాదని, లూనా అనే ఇంకో కాయిన్ మీద జనానికి ఉన్న నమ్మకమేనని ఆ డాక్యుమెంట్లలోనే ఉంది. చదివాను. అర్థమైంది. ఆ నెలలో కొద్ది రోజుల్లోనే రెండూ కుప్పకూలాయి.

అంటే మామ ఫోన్ చేసేనాటికి నాకు ఎరుక ఉంది. చేయి కాలిన ఎరుక. రోజుకు ఒకటి అన్న మాట వినగానే కడుపులో ఏదో కదిలింది. కానీ "మామా, నేనూ పెట్టి పోగొట్టుకున్నా, వద్దు" అనాలంటే ఇంగ్లీషు చదివే పిల్ల కూడా మోసపోతుందని ఒప్పుకోవాలి. పండగకి పోతే అత్త, అమ్మ, అందరి ముందూ ఆ మాట తిరుగుతుంది. అందుకని నిర్వచనం చెప్పి ఊరుకున్నాను. ఆప్తురాలికి ఉండాల్సిన రెండింటిలో మొదటిది నా దగ్గరుంది, రెండోది లేదు. అది మామకి తెలిసే వీలు కూడా లేదు.

పెద్దవాళ్లకి చెప్పేంతదాన్నా అనీ, అతని పైసలు అతని ఇష్టమనీ ఇంకో రెండు కారణాలు అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. రెండూ మర్యాదగానే ఉంటాయి. మనం చదివే పుస్తకాల్లో రెండోదానికి వ్యక్తి స్వేచ్ఛ అని మంచి పేరు కూడా ఉంది. కానీ మామ నన్ను అడిగింది అతని స్వేచ్ఛని గౌరవించమని కాదు.

ఆ తర్వాత రెండు మూడు వారాలు ఇంకా మాటలు అడిగాడు. వాలెట్. టోకెన్. యూఎస్‌డీటీ. మార్కెట్ క్యాప్. అన్నీ చెప్పాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ప్రతి మాటకీ నేను చెప్పిన అర్థం ఒకటి, ఆ యాప్‌లో దానికున్న అర్థం ఇంకొకటి. వాలెట్ అన్నదే తీసుకోండి. క్రిప్టోలో వాలెట్ అంటే సంచి కాదు, తాళంచెవి. ప్రైవేట్ కీ అనే పొడుగాటి రహస్య సంఖ్య ఎవరి దగ్గరుంటే కాయిన్ వాళ్లది. పన్నెండో ఇరవై నాలుగో మాటల రూపంలో దాన్ని కాగితం మీద రాసుకుని దాచుకోవచ్చు. మామ యాప్‌లో "మై వాలెట్" అని ఉంది, రోజూ పెరిగే ఒక అంకె ఉంది. తాళంచెవి లేదు. నేను వాలెట్ గురించి సరిగ్గా చెప్పాను గానీ "నీకు ఆ మాటలు ఎవరైనా రాసిచ్చిన్రా?" అని అడగలేదు. అడిగితే ఆ రోజే తేలిపోయేది. యాప్‌లో ఉన్నది వాలెట్ కాదు, కేవలం ఒక అంకె బొమ్మ. (రిజిస్టరైన ఎక్స్‌ఛేంజీల్లో పెట్టేవాళ్లం మనకేదో భద్రత ఉందనుకుంటాం. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు దొంగిలించుకుపోయినప్పుడు అక్కడున్న మనవాళ్లకి కూడా ఇదే పాఠం అందింది. తాళంచెవి మన దగ్గర లేదు.)

ఒకసారి మామే మంచి ప్రశ్న అడిగాడు. "సర్కారు దీని మీద నూటికి ముప్పై పన్ను వేస్తున్నదట గదా. దొంగదైతే పన్నెందుకు వేస్తది?" సారు ఇచ్చిన సమాధానమే ఇది, ప్రశ్న రూపంలో వచ్చింది. 2018లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకుల్ని క్రిప్టోకి దూరంగా ఉండమంది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి వీటిని "వర్చువల్ డిజిటల్ అసెట్" అని పిలిచి లాభం మీద ముప్పై శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ పెట్టారు. పన్ను వేసినంత మాత్రాన అది మంచిదని సర్కారు సంతకం చేసినట్టు కాదు. ఇది కూడా వివరంగా చెప్పాను. 1978లోనే మన దేశంలో మనీ సర్క్యులేషన్ స్కీముల్ని నిషేధిస్తూ ఒక చట్టం వచ్చిందని, మనుషుల్ని చేర్పించినందుకు పైసలిచ్చే ఏర్పాటు ఏ పేరుతో ఉన్నా దాని కిందికే వస్తుందని మాత్రం చెప్పలేదు. ఎందుకంటే మామ అడిగింది పన్ను గురించి. నేను అడిగినదానికే జవాబిచ్చాను. డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల జబ్బు ఇది.

బిట్‌కాయిన్ పుట్టిందే ఆప్తవాక్యంతో పని లేకుండా చేయడానికి. 2008 అక్టోబర్ 31న సతోషీ నకమోతో అన్న పేరుతో బయటికొచ్చిన తొమ్మిది పేజీల కాగితం చెప్పేది అదే. మధ్యలో బ్యాంకుని, మనిషిని నమ్మాల్సిన అవసరం లేకుండా గణితమే సాక్ష్యంగా పైసలు చేతులు మారాలని. ఆ సతోషీ ఎవరో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. తెలియకపోయినా ఆ వ్యవస్థ నడుస్తుంది, దాని అందం కూడా అదే. మనిషి మీద నమ్మకం అక్కర్లేదన్న ఆ వస్తువు, లేదా దాని పేరు పెట్టుకున్న నకలు, గోదావరి ఒడ్డుకి ఎలా చేరింది? గణితం మీద సవారీ చేసి రాలేదు. బావమరిది చెప్పాడని, సారు చెప్పాడని, ఒకే షిఫ్టువాళ్లమని వచ్చింది. అగ్రిగోల్డ్ కూడా ఇలాగే దాదాపు 32 లక్షల మంది దగ్గరికి వెళ్లింది. అప్పుడు ప్లాట్లు, డిపాజిట్లు అన్నారు. ఏజెంట్లు అప్పుడూ మనవాళ్లే.

పోయిన కార్తీకంలో మామ, అత్త, నేను కోటిలింగాల వెళ్లాం. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. కోటేశ్వరస్వామి గుడి ముందు గోదావరి ఎల్లంపల్లి నీళ్లతో నిండుగా ఉంది. ఇక్కడ దొరికిన నాణేల మీద సాతవాహనుల కంటే ముందు ఏలిన గోబద, నారన, సమగోప లాంటి పేర్లు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. సాతవాహన సిముకుడివీ దొరికాయి. మనం చరిత్రలో వాళ్లని గుర్తుపట్టింది ముఖ్యంగా ఆ నాణేల వల్లనే. ఇదంతా నేను పడవల దగ్గర నిలబడి చెబుతుంటే మామ విని, "అంటే పైస మీద వాని పేరే ఉంటుండె" అన్నాడు.

"అవును మామా."

"మరి దీని మీద ఎవని పేరున్నది?"

రాజుల పేరున్న నాణేలేమీ పతివ్రతలు కావు. వెండిలో రాగి కలిపిన రాజులు ఎందరో. మా అమ్మమ్మ దగ్గర చార్మినార్ బొమ్మున్న హాలి రూపాయి ఒకటి ఉండేది. ఏడు హాలి రూపాయలకి ఆరు ఇండియా రూపాయలు. నిజాం రాజ్యం పోయాక అది కూడా చెల్లకుండా పోయింది. కానీ మార్చి ఇవ్వడానికి ఒక రేటు ఉంది, ఒక సర్కారు ఉంది, ఎవరి గడప ముందు కూర్చోవాలో జనానికి తెలుసు. మామ అడుగుతున్నది లోహం గురించి కాదు. సతోషీకి గడప లేదు, ఉద్దేశపూర్వకంగానే లేదు. దాన్ని అనుకరించిన దొంగకి కూడా గడప లేదు, అదీ ఉద్దేశపూర్వకంగానే. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మిగిలింది మధ్యలో ఉన్న మనుషుల గడపలు.

క్రిప్టో లోకంలో డీవైఓఆర్ అని ఒక మాట తిరుగుతుంది. ఎవరి పరిశోధన వాళ్లే చేసుకోవాలని దాని భావం. ఏం పోగొట్టుకున్నా ఆ మాట ముందే అనేశారు కాబట్టి చెప్పినవాడి మీద ఏమీ ఉండదు. నేనూ ఒకప్పుడు దాన్ని మంచి సలహా అనుకున్నాను. మామ పరిశోధన చేశాడు. ఎలా చేశాడంటే, నాకు ఫోన్ చేశాడు.

ఆ పరిశోధన ఫలితం నేను కళ్లారా చూశాను. కోటిలింగాల నుంచి వచ్చిన రాత్రి వాళ్లింట్లో ఏదో వెతుకుతుంటే పాత డైరీ ఒకటి దొరికింది. ఒక పేజీ నిండా తెలుగులో, స్కూలు పిల్లాడి గుండ్రటి అక్షరాల్లో: స్టేకింగ్ అనగా. వాలెట్ అనగా. టోకెన్ అనగా. ఎదురుగా నా మాటలు. అడుగున గీత కొట్టి "కోడలు చెప్పింది" అని. ఆ పేజీని మామ మిగతా ముగ్గురికీ చూపించాడట. "మా కోడలు సాఫ్ట్‌వేర్ల చేస్తది, అడిగి రాసిన" అని. నేను ఎన్నడూ చూడని ముగ్గురు మనుషులకి నేను ఆప్తురాలినయ్యాను.

ఆ ముగ్గురిలో ఒకతనికి మామ నెలకి ఐదువేలు కడుతున్నాడు. కాగితం లేదు, నోటు లేదు, చట్ట ప్రకారం మామ కట్టాల్సిన పని లేదు. అతనూ అడగలేదు. మామ కూడా నష్టపోయినవాడే గదా, నువ్వెందుకు కడుతున్నావని అత్త చాలాసార్లు గొడవ పెట్టుకుంది. "నా మాట మీద ఇచ్చిండు" అని ఒక్కటే జవాబు. మిగతా ఇద్దరికి కట్టే స్థోమత లేదు, అందుకే వాళ్ల వీధిలోంచి పోవడం మానేశాడు. మామ చేస్తున్నది న్యాయమో పిచ్చితనమో నేను తేల్చుకోలేదు. ఒకరికి కట్టి ఇద్దరికి కట్టకపోవడంలో న్యాయం ఎక్కడుందని అడిగితే అతని దగ్గర కూడా జవాబు లేదు. చిట్టీకి జమానతు పడ్డవాడు ఎత్తినవాడు పారిపోతే కడతాడు. మామకి తెలిసిన లెక్క అదే.

ఆ డైరీ మూసి, నా నలభై వేల సంగతి ఆ రాత్రే మామకి చెప్పాను. ఐదువేలల్లో సగం నేనిస్తానన్నాను. మామ నవ్వాడు. కోపం లేని నవ్వు. "నువ్వేం జేసినవ్ కోడలా, అర్థం జెప్పినవ్ గంతే" అన్నాడు. నేను ఈ మధ్య విన్న మాటల్లో అంత కష్టంగా తగిలింది ఇంకోటి లేదు. నలభై వేల గురించి మాత్రం ఏమీ అనలేదు. చాలాసేపటికి, లైటు తీసేశాక, "అప్పుడే జెప్తే అయిపోవు" అన్నాడు.

మొన్న మళ్లీ ఫోన్ వచ్చింది.

"కోడలా, రికవరీ ఏజెంట్ అంటే ఏంది? పోయిన పైసలు తెచ్చిస్తమని ఒకడు ఫోన్ జేసిండు. ముందు ఫీజు ఇరవై వేలట."

"వద్దు మామా. ఒక్క రూపాయి కూడా పంపకు. 1930కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్పు, తర్వాత బ్లాక్ చెయ్యి."

"అది గాదు, నేను అడిగింది అర్థం గదా."

"అర్థం తర్వాత. ముందు బ్లాక్ చెయ్యి, నేను లైన్ మీదనే ఉంటా."

మీటింగుకి టైమైంది. పోలేదు. అవతల మామ బొటన్లు నొక్కుతున్న చప్పుడు, అత్తని కళ్లద్దాలు తెమ్మంటున్న మాట వినిపించాయి. ఐదు నిమిషాలు పట్టింది.

"ఆ, అయింది. ఇగ జెప్పు, ఏంది దాని అర్థం?"